కంచు తలుపు పిడి ఎలా చేయాలి? మైనం ముద్ద నుంచి బీరువా మీదికి

కంచు పని అనగానే గుళ్లో ఉత్సవ విగ్రహమో, నాలుగురోడ్ల కూడలిలో నాయకుడి బొమ్మో గుర్తొస్తుంది. రెండూ దూరం నుంచి చూసేవే. చెయ్యి రోజూ తగిలే కంచు ఇంకొకటి ఉంది. తలుపు పిడి, సొరుగు బొత్తాం, దీపపు కుంది, బల్ల కాలి తొడుగు, అద్దం చట్రం అందులోకి వస్తాయి. వీటిని చేసే శిల్పికి చూసేవాడి కన్ను ఒక్కటే మెచ్చుకుంటే చాలదు, వాడేవాడి అరచెయ్యి కూడా ఒప్పుకోవాలి.

ఈ పనికి చరిత్ర చిన్నదేం కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద కూరుకుపోయిన పాంపేయి ఇళ్లలో కంచు అమరికలున్న పడకలు, దీపస్తంభాలు బయటపడ్డాయి. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో ఆంద్రే షార్ల్ బూల్ లాంటి పనివాళ్లు బీరువాల మూలలకు, తాళం కన్నాల చుట్టూ బంగారు పూత కంచు తొడిగారు. చూడటానికి అలంకారమే, కానీ రాపిడి ఎక్కువగా తగిలే చోట చెక్కను కాపాడటం కూడా వాటి పనే. ఇరవయ్యో శతాబ్దంలో డియేగో జకొమెట్టి (1902–1985) ఈ పనికి శిల్పి హోదా తెచ్చాడు. అన్న ఆల్బెర్తో పేరుమోసిన శిల్పి. తమ్ముడు ఏళ్ల తరబడి అన్న పనికి చెయ్యందిస్తూనే సొంతంగా కంచు బల్లలు, కుర్చీలు, దీపాలు చేశాడు. వాటి కమ్మీల మీద పిట్టలు, ఆకులు, పిల్లులు వాలి ఉంటాయి. పారిస్‌లో 1985లో తెరిచిన పికాసో మ్యూజియంలోని దీపాలు, బెంచీలు, బల్లలు ఆయన చేసినవే.

అంత దూరం వెళ్లే ముందు ఒక పిడితో మొదలుపెడదాం. చింతకాయ ఆకారంలో బీరువా తలుపు పిడి. చింతకాయే ఎందుకంటే, దాని వంపు పిడికి కావలసిన వంపే. గింజ గింజకీ ఉండే ఉబ్బు వేళ్లకు పట్టునిస్తుంది. పైగా నమూనా కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు.

మొదటే ఒక మాట

కొత్తవాళ్లు ముందు అడిగేది కొలిమి గురించి. ఎంత వేడి కావాలి, లోహం కరిగించే మూస ఎక్కడ దొరుకుతుంది, పెరట్లో పెట్టుకోవచ్చా అని. కానీ కంచు వస్తువు తయారయ్యేది కొలిమిలో కాదు, మైనంలో. మైనపు నమూనా మీద మట్టి అచ్చు పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. మైనంలో ఏది ఉంటే అదే కంచులోకి వస్తుంది: గీత, నొక్కు, మీ వేలిముద్ర కూడా. మైనంలో గోటితో చెరిపేసే తప్పును కంచులో ఆకురాయితో గంటసేపు రాయాలి. కాబట్టి మీకున్న సమయంలో ఎక్కువ భాగం మైనానికే ఇవ్వండి.

రెండో మాట. మొదటిసారి పోత మీరే పోయకండి. 1,100 డిగ్రీల లోహాన్ని ఎత్తి పోయడం పుస్తకం చదివి నేర్చుకునే పని కాదు. మైనం మీరు చేయండి. అచ్చు, పోత అనుభవమున్న పోత పనివారి దగ్గర, ఆయన చెప్పినట్టు, పక్కన నిలబడి చేయించుకోండి. మెరుగు మళ్లీ మీ చేతిలోకి వస్తుంది. పేరున్న శిల్పుల్లో చాలామంది పని నడిచేది ఇలాగే.

ఏ లోహం?

రాగిలో తగరం కలిస్తే కంచు. పిడికి రాగి 90 పాళ్లు, తగరం 10 పాళ్లు సరిపోతాయి. ఈ కలయిక గట్టిగా ఉంటుంది, ఆకురాయికి లొంగుతుంది, అచ్చులో సన్నని గీతల్లోకీ పారుతుంది.

ఇంట్లో పాత కంచు కంచం ఉంది కదా, అది కరిగిద్దాం అనిపిస్తుంది. వద్దు. గంటలకు, కంచాలకు వాడే కంచులో తగరం 20 పాళ్లకు పైనే ఉంటుంది. అందుకే అది ఖంగుమని మోగుతుంది, అందుకే కింద పడితే పగులుతుంది. రోజూ లాగే పిడికి, మర కోయాల్సిన వస్తువుకి అది పనికిరాదు.

ఇత్తడి తుక్కు కూడా వద్దు, కారణం వేరు. ఇత్తడిలో ఉండేది జింకు. అది 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది. తుక్కులో సీసం కూడా ఉండొచ్చు. మొదటి వస్తువుకి ఏముందో తెలిసిన కొత్త లోహమే కొనండి.

కావలసినవి

- తేనెమైనం, గుగ్గిలం, కొద్దిగా వేరుశనగ నూనె
- మైనం కరిగించడానికి గిన్నెలో గిన్నె (కింది గిన్నెలో నీళ్లు)
- చల్లటి నీళ్ల బేసిన్
- వెదురు పుల్లలు, పాత కత్తి, సూది, దీపం మీద కాల్చుకునే సన్నని ఇనుప గరిటె
- గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు, స్కేలు
- మెరుగుకి: ఇనుప రంపం, పెద్దవీ చిన్నవీ ఆకురాళ్లు, చిన్న ఉలి, 120 నుంచి 600 దాకా ఎమరీ కాగితాలు
- 3.3 మి.మీ. డ్రిల్ బిట్, ఎం4 ట్యాప్, రెండు ఎం4 స్టెయిన్‌లెస్ మరలు
- దుమ్ముకి మాస్కు, కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు

1. కొలత తీసుకోండి

వస్తువు కంటే ముందు తలుపును కొలవండి. బజారులో దొరికే పిడులకు రెండు మరల మధ్య దూరం ఎక్కువగా 96 మి.మీ. లేదా 128 మి.మీ. ఉంటుంది. మనది 96. అలా అయితే రేపు పిడి మార్చాల్సి వచ్చినా తలుపుకి కొత్త కన్నాలు పడవు.

కంచు గట్టిపడుతున్నప్పుడు సుమారు 2 శాతం దాకా కుంచించుకుంటుంది. అందుకే మైనంలో ఈ దూరం 98 మి.మీ. పెట్టండి. మిల్లీమీటరు అటూ ఇటూ అయినా భయం లేదు, కన్నాలు వేసేది చివర్లోనే.

చెక్కకీ పిడికీ మధ్య వేళ్లు దూరడానికి కనీసం 28 మి.మీ. ఖాళీ ఉండాలి. ఉంగరం పెట్టుకునేవాళ్లున్న ఇంట్లో 30 పెట్టండి.

తర్వాత పండిన చింతకాయలు నాలుగు తెచ్చి బల్ల మీద పరిచి చూడండి. ఏ రెండూ ఒకలా వంగవు. ఉబ్బులు సమానంగా ఉండవు, తొడిమ వైపు సన్నగా, మధ్యలో పెద్దగా, కొస దగ్గర ఒక్కోసారి గింజే లేక నొక్కుకుపోయి ఉంటాయి. పెంకు గోధుమరంగులో గరుకుగా, ఎక్కడో ఒకచోట చిట్లి లోపలి పీచు కనిపిస్తూ ఉంటుంది. చింతకాయను చింతకాయగా చూపేవి ఈ తేడాలే. ఒకే సైజు పూసలు గుచ్చినట్టు చేస్తే అది బజారు బొమ్మ అవుతుంది.

2. మైనం కలపండి

తేనెమైనాన్ని గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. కరిగాక పొడి చేసిన గుగ్గిలం కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. గుగ్గిలం పెరిగితే మైనం గట్టిపడుతుంది, గీతలు నిలుస్తాయి. ఎక్కువైతే వంచినప్పుడు పుటుక్కుమంటుంది. అప్పుడు చెంచాడు వేరుశనగ నూనె పడితే మెత్తబడుతుంది.

పాళ్లు రుతువును బట్టి మారతాయి. ఏప్రిల్‌లో విజయవాడలో చేస్తుంటే గుగ్గిలం పెంచి, తెల్లవారుజామునే కూర్చోండి. డిసెంబరులో ఆదిలాబాద్‌లో అయితే నూనె పెంచండి. పరీక్ష ఇది: చల్లారిన మైనాన్ని పెన్సిలంత కడ్డీగా చేసి మెల్లగా వంచండి. విరగకుండా వంగాలి, వదిలేస్తే వంగినట్టే ఉండాలి.

కరిగిన మైనాన్ని పాత చీర గుడ్డలో వడకట్టండి. అందులో ఇసుక రేణువో, అగ్గిపుల్ల ముక్కో మిగిలితే అది మీ కంచులో గుంటగా తేలుతుంది.

3. కాయను మలచండి

మైనం ముద్దను గోరువెచ్చటి నీళ్లలో మెత్తబరిచి, తడిచేసిన పీట మీద అరచేత్తో దొర్లించి 12 సెం.మీ. కడ్డీ చేయండి. మందం 12, 13 మి.మీ. కడ్డీని విల్లులా వంచండి. వంపు మధ్యభాగం తలుపుకి దూరంగా, కొసలు తలుపు వైపు ఉండాలి.

ఇప్పుడు ఉబ్బులు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి కడ్డీని అక్కడక్కడ నొక్కండి. గింజల మధ్య నొక్కు ఒక వైపు లోతుగా, మరో వైపు తేలిగ్గా ఉంటే సహజంగా వస్తుంది. నొక్కు మరీ లోతైతే అక్కడ పిడి బలహీనపడుతుంది, ఎక్కడా 9 మి.మీ. కంటే సన్నబడనివ్వకండి.

కాళ్లు రెండు. ఒక్కోటి 14 మి.మీ. మందం, 20 మి.మీ. ఎత్తు. కాయ అడుగున, 98 మి.మీ. దూరంలో అతికించాలి. అతుకు మీద మైనం పూసి ఊరుకోకండి. కాల్చిన గరిటెను రెండు ముక్కల మధ్య పెట్టి, రెండు వైపులా కరగనిచ్చి, గరిటె లాగేసి వెంటనే అదమండి. పైపైన అంటించిన కాలు మట్టి పూసేటప్పుడు ఊడుతుంది.

చివరికి పెంకు. ఒక పక్క వెదురు పుల్లతో సన్నటి చిట్లు గీసి, లోపల రెండు మైనపు దారాలు పీచులా అమర్చండి. కర్ర బొమ్మలోనో రాతిలోనో ఇలాంటి వెనక్కి తిరిగిన సందులు పెట్టడం కష్టం. రెండు ముక్కల అచ్చులో పోసే పనిలో అసలు కుదరదు, అచ్చు ఊడిరాదు. ఇక్కడ మైనం కరిగిపోతుంది, అచ్చు పగిలిపోతుంది కాబట్టి దేనికీ అడ్డు లేదు. ఈ పద్ధతికి ఇన్ని వేల ఏళ్ల ఆయుష్షు ఉండటానికి కారణం ఇదే. మొహెంజొదారోలో దొరికిన 10.5 సెం.మీ. నర్తకి బొమ్మను పోసింది కూడా ఇలాగే.

4. చేతికి చూపించండి

ఇది దాటేస్తే చేసింది బొమ్మే అవుతుంది, పిడి కాదు. మైనపు కాయను నీళ్లలో పెట్టి బాగా గట్టిపడనివ్వండి. తుడిచి, కళ్లు మూసుకుని, తలుపు తీస్తున్నట్టు పట్టుకోండి. వేళ్లు నాలుగూ నొక్కుల్లో కుదిరాయా? ఏదైనా ఉబ్బు వేలి కణుపుకి ఒత్తుకుంటోందా? ఇంట్లో చిన్న చేతులవాళ్లతో, పెద్ద చేతులవాళ్లతో పట్టించి చూడండి.

తర్వాత పాత చున్నీ తెచ్చి పిడి మీదుగా లాగండి. ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ రేపు చీర కొంగు పట్టుకుంటుంది. మీరు ముచ్చటపడి పెట్టిన పీచు దగ్గరే పట్టుకోవచ్చు. పీచును చిట్లు లోపలికి అణచండి, అంచును గుండ్రం చేయండి. తొడిమ కొస మొనదేలకూడదు, తలుపు పక్కగా నడిచే పిల్లల కంటి ఎత్తులో ఉంటుందది.

5. లోహం దారి వేయండి

ఇప్పుడు కరిగిన కంచు లోపలికి ఎలా వెళ్తుంది, లోపలున్న గాలి ఎలా బయటికొస్తుంది అని ఆలోచించాలి. ఈ దారుల కోసం అతికించే మైనపు కడ్డీలనే రన్నర్లంటారు.

పిడిని తలకిందులుగా, కాళ్లు పైకి వచ్చేలా ఊహించుకోండి. కాయ కింద వేలాడుతుంది. ఒక్కో కాలి అడుగుకీ 15 మి.మీ. మందం, 6 సెం.మీ. పొడవు కడ్డీ నిలువుగా అతికించండి. ఒకదాని పైకొసకు గరాటు పెట్టండి. రెండోది అంతే ఎత్తుకి లేచి తెరుచుకుని ఉంటుంది. లోహం మొదటి కాల్లోంచి దిగి, కాయను కింది నుంచి నింపుతూ, రెండో కాల్లోంచి పైకి లేస్తుంది. గాలిని ముందుకు నెట్టుకుంటూ పోతుంది కాబట్టి గాలి ఎక్కడా చిక్కదు. రెండో కన్నంలో లోహం మెరిసిందంటే అచ్చు నిండినట్టే.

ఈ అమరికలో ఇంకో లాభముంది. రన్నరు కోసిన మచ్చ కాలి అడుగున పడుతుంది. అది తలుపుకి ఆనుకునే చోటు, ఎవరికీ కనిపించదు. రన్నర్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు ఎప్పుడూ మొదట వెతకాల్సింది ఇలాంటి దాపు చోటే.

మందాల వరస చూడండి: కాయ 12, 13, కాలు 14, రన్నరు 15. కావాలని పెట్టినదే. లోహం గట్టిపడుతూ కుంచించుకుంటుంది. ఆ లోటును ఇంకా ద్రవంగా ఉన్న చోటు నుంచి లాక్కుంటుంది. రన్నరు సన్నగా ఉండి ముందే గడ్డకడితే కాయకు లోహం అందదు, లోపల బోలు పడుతుంది.

6. తూకం వేయండి

మైనం మొత్తాన్ని, రన్నర్లూ గరాటుతో సహా, త్రాసు మీద పెట్టండి. కంచు సాంద్రత మైనానికి తొమ్మిది రెట్లు పైచిలుకు. ఎప్పుడూ పది రెట్లు లెక్కవేసుకోండి. పిడి 20 గ్రాములు, మిగతాది 40 గ్రాములు అనుకుంటే, 60 గ్రాముల మైనానికి 600 గ్రాముల లోహం మూసలో ఉండాలి. అందులో తగరం 60 గ్రాములు, మిగతా 540 రాగి. చివరికి మీ చేతికొచ్చే పిడి 200 గ్రాముల లోపే. మిగిలిన రన్నర్లు మళ్లీ కరిగించుకోవచ్చు, వృథా ఏమీ లేదు.

మైనం తూకాన్ని బట్టి లోహాన్ని లెక్కగట్టే ఈ పద్ధతి పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలోనే ఉంది. మైనపు పోత విధానాన్ని వివరించిన పాత గ్రంథాల్లో అది ముఖ్యమైనది.

7. మట్టి పూయండి

ఇక్కడి నుంచి పోత పనివారి దగ్గర. మీ మైనాన్ని ఆయన వెలుతురుకి పట్టి, తిప్పి చూసి, "ఇక్కడ గాలి నిలుస్తుంది బాబూ, ఇంకో పుల్ల పెట్టు" అంటే వాదించకండి, పెట్టండి.

మట్టి మూడు పొరలు. మొదటిది ప్రాణం: వాగులోని మెత్తటి ఒండ్రుమట్టిని గుడ్డలో జల్లించి, కాల్చిన ఊక మసి, పేడ రసం కలిపి పెరుగంత జారుగా చేసి కుంచెతో పూస్తారు. మీ చిట్లు, పీచు, గరుకు పెంకు అన్నీ ఈ పొరకే తెలుస్తాయి. సందుల్లో గాలిబుడగ మిగిలితే కంచులో అది గోళీలా తేలుతుంది కాబట్టి కుంచెను మెల్లగా పొడుస్తూ పూయాలి. ఇది ఆరాక పొలం మట్టి, ఇసుక కలిపిన రెండో పొర. అదీ ఆరాక ముతక మట్టి, ఇసుకతో మూడోది. వస్తువు పెద్దదైతే ఇనుప తీగ చుడతారు. మొత్తం మీద 3 సెం.మీ. మందం వస్తే చాలు. గరాటు నోరు, రెండో కన్నం మాత్రం మూయకూడదు.

ఆరబెట్టేది నీడలోనే. ఎండలో పెడితే లోపల మైనం మెత్తబడుతుంది, మట్టి బీటలు వారుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఒక్కో పొరకీ రోజులు పడతాయి, తొందరపడకండి.

కావేరి ఒండ్రుమట్టితో కుంభకోణం పక్కన స్వామిమలై శిల్పులు చేసేదీ ఈ పనే. మన ఆదిలాబాద్ ఓజా పనివాళ్ల పోతను డోక్రా అంటారు, ఆ పద్ధతిలో కొంచెం తేడా ఉంది. వాళ్లు ముందు మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనపు దారాలు చుట్టి, మళ్లీ మట్టి కప్పుతారు. దానివల్ల వస్తువు బోలుగా, తేలిగ్గా వస్తుంది, ఆ దారాల అల్లికే దానికి అందం. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

8. మైనం పోవాలి, లోహం రావాలి

ఎండిన అచ్చును నోరు కిందికి పెట్టి పిడకల మంట మీద కాలుస్తారు. మైనం కారిపోతుంది, దాన్ని పళ్లెంలో పట్టుకుంటే మళ్లీ వాడుకోవచ్చు. మట్టిలో ఇంకిన కాస్త మైనమూ కాలిపోయేదాకా, అచ్చు లోపల ఎర్రబడేదాకా కాల్చాలి. పోత పోసేటప్పుడు అచ్చు వేడిగానే ఉండాలి.

మూసలో ముందు రాగి. అది 1,085 డిగ్రీలకు కరుగుతుంది. పైన బొగ్గు కప్పి ఉంచితే గాలి తగలదు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, ముందే వేస్తే మండి బూడిదవుతుంది. అందుకే రాగి పూర్తిగా కరిగాక చివర్లో వేసి కలుపుతారు. పోసే వేడి 1,100 నుంచి 1,150 డిగ్రీలు.

మీరు పక్కన నిలబడేటప్పుడు ఇవి తప్పనిసరి:

- నూలు బట్టలు, తోలు బూట్లు, ముఖానికి కవచం. పాలిస్టర్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది.
- చెప్పులతో కొలిమి దగ్గరికి వెళ్లకండి.
- తడి చేయి, తడి పటకారు, తడి అచ్చు, మూడూ ప్రాణాంతకమే. కరిగిన లోహం కింద చిక్కిన నీటి చుక్క ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ఎగజిమ్ముతుంది.
- సిమెంటు నేల మీద పోయనివ్వకండి. దానిలోని తేమకు నేల పేలుతుంది. పొడి ఇసుక పరచాలి.
- పోస్తున్నవారితో మాట్లాడకండి.

పోత ఆగకుండా, ఒకే ధారగా గరాటులోకి పడాలి. మధ్యలో తెగితే రెండు ధారలు కలిసిన చోట అతుకు గీత పడుతుంది. రెండో కన్నంలో లోహం కనబడగానే ఆపేస్తారు.

9. పగలగొట్టండి, కోయండి

అచ్చును దానంతటదే చల్లారనివ్వండి. నీళ్లు చల్లకండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక సుత్తితో మెల్లగా కొట్టి మట్టి రాలగొట్టండి. మాస్కు పెట్టుకోండి, కాలిన మట్టి, ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. లోపలున్నది నల్లగా, మసి పట్టి, రెండు కొమ్ములతో ఉంటుంది. తీగ బ్రష్షుతో రుద్దాక చింతపండు పులుసులో కాసేపు నానబెట్టి తోమితే ఎర్రటి పసుపు తేలుతుంది.

రన్నర్లను కాలి అడుగుకి 2 మి.మీ. పైన రంపంతో కోయండి. సరిగ్గా అంచున కోయబోతే రంపం జారి కాలిని తింటుంది. మిగిలిన 2 మి.మీ. ఆకురాయి చూసుకుంటుంది. రెండు కాళ్లనూ ఒకే సమతలానికి తేవాలి: గాజు పలక మీద 120 ఎమరీ కాగితం పరిచి, పిడిని నిలబెట్టి రుద్దండి. అటూ ఇటూ ఊగడం ఆగాలి.

10. చెక్కండి, నునుపు చేయండి

అచ్చు బీటల్లోకి పారిన లోహం సన్నని రెక్కల్లా ఉంటుంది. వాటిని ఉలితో లేపేయండి. తర్వాత ఆకురాయి, ఆపైన ఎమరీ కాగితాలు 120, 220, 400, 600 వరసలో. ఒక మెట్టు దాటేస్తే ముందటి గీతలు చివర్లో బయటపడతాయి.

అన్నిచోట్లా నునుపు చేయకండి. చెయ్యి పడే ఉబ్బులు నునుపుగా, నొక్కులూ చిట్లూ గరుకుగా వదిలేయండి. మైనంలో మీరు పెట్టుకున్న వేలి ఆనవాళ్లు అక్కడక్కడ మిగిలితే యంత్రం చేసిన పిడికి లేని కళ దీనికి వస్తుంది.

11. మర కోయండి

కాలి అడుగున సరిగ్గా మధ్యలో సెంటరు పంచ్‌తో గుర్తు పెట్టి, 96 మి.మీ. మళ్లీ కొలిచి, 3.3 మి.మీ. బిట్‌తో 12 మి.మీ. లోతు కన్నం వేయండి. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, లేకపోతే కాయలోంచి పైకి దూసుకొస్తుంది. ఎం4 ట్యాప్‌కి నూనె పూసి సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మర కోయండి. బిగిస్తే ట్యాప్ లోపలే విరుగుతుంది, దాన్ని తీయడం మహా కష్టం. తలుపు మందం 18 మి.మీ. అయితే 25 మి.మీ. మర సరిపోతుంది.

12. రంగు, పూత

కంచును ఊరికే వదిలేసినా చేతి జిడ్డుకి, గాలికి దానంతటదే గోధుమరంగుకి తిరుగుతుంది. తొందరగా కావాలంటే నగల పనివాళ్లకు సామాను అమ్మే దుకాణాల్లో దొరికే లివర్ ఆఫ్ సల్ఫర్ అనే రసాయనం బఠాణీ గింజంత తీసుకుని అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో కరిగించండి. ఆరుబయట చేయండి, వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది. ఆమ్లంతో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. జిడ్డు లేకుండా కడిగిన పిడిని ముంచి, రంగు చూస్తూ తీసి కడగండి. గోధుమ నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా ముదురుతుంది, కావలసిన మెట్టు దగ్గర ఆపండి. వంటసోడా నీళ్లలో కడిగితే పని ఆగిపోతుంది.

ఆరాక ఉబ్బుల మీద 600 కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఉబ్బులు మెరుస్తాయి, నొక్కులు నల్లగా ఉంటాయి, కాయ ఆకారం ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. పిడిని కొద్దిగా వేడి చేసి తేనెమైనం పలచగా పూసి గుడ్డతో తుడవండి. తర్వాత చింతపండుతో తోమారంటే ఈ రంగంతా పోతుంది. ఇంట్లో పని చేసేవాళ్లకు కూడా ఆ మాట ముందే చెప్పండి.

పోత చెడితే

- కాయ కొస రాలేదా? అచ్చు చల్లారిపోయింది, లేదా లోహం వేడి చాలలేదు. మళ్లీ పోయాల్సిందే.
- సూదిపోట్ల లాంటి గుంటలున్నాయా? అచ్చులో తేమ, లేదా లోహంలో వాయువు. పైపైన అయితే ఆకురాయితో పోతాయి.
- కాలి దగ్గర పల్లం పడిందా? రన్నరు సన్నం. ఈసారి 17 మి.మీ. పెట్టండి.
- రెక్కలు మరీ ఎక్కువా? మట్టి ఆరకుండానే మంట మీదికెక్కింది.
- లోహం బాగుంది, చెయ్యే ఒప్పుకోవడం లేదా? నాలుగో మెట్టు దాటేశారు.

పాడైన పిడిని పారేయకండి. తూకం వేసి పక్కన పెడితే వచ్చే పోతకు లోహం అవుతుంది.

తర్వాత ఏమిటి?

బీరువాకి రెండు తలుపులుంటాయి, రెండో పిడి ఎలాగూ కావాలి. దాన్ని మొదటిదానికి నకలుగా కాక వేరే చింతకాయగా చేయండి. ఆరేడు ఒకేలా కావాలంటే మాత్రం మట్టి పూయకముందే మైనానికి సిలికాన్ రబ్బరు అచ్చు తీసి అందులో మైనం పోసుకోవాలి. రెండు పిడులు కుదిరాక బోలు పోత నేర్చుకోండి: దీపపు కుంది, పూలకూజా. దానికి లోపల మట్టి ముద్ద, దాన్ని పట్టి ఉంచే ఇనుప సూదులు కావాలి. అవి చక్కగా చేసి చూపే డోక్రా పనివారు ఉషేగావ్, కేస్లాగూడల్లో ఉన్నారు. బల్ల కాళ్లు, కుర్చీ చట్రం లాంటి పెద్ద పని ముక్కలుగా పోసి అతకాలి కాబట్టి ఆ తర్వాతే.

ఈలోగా హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఫ్రెంచి ఫర్నిచరు దగ్గర ఒక అరగంట గడపండి. కంచు తొడుగుల మీద బంగారు పూత ఎక్కడ మిగిలింది, ఎక్కడ అరిగింది చూడండి. ఎక్కడ అరిగిందో అక్కడ చెయ్యి పడినట్టు. మీ రెండో పిడిలో ఉబ్బు ఎక్కడ పెట్టాలో ఆ అరుగుదలే చెబుతుంది.